మందిరానికి నూనె పెట్టే ముందు ఇది చదువు

చిన్నా,

నువ్వు వాల్‌నట్ చెక్కతో దేవుడి మందిరం చేస్తున్నావని అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. తాతయ్య పీటకి మేకు కొట్టబోయి వేలు చితక్కొట్టుకున్నవాడివి, ఏకంగా మందిరమా అని మురిసిపోయా, గంటకల్లా భయం పట్టుకుంది.

వార్నిష్ కాకుండా నూనె పెడతానన్నావంట, మంచిదే, కుంకం పడ్డా దీపం నూనె కారినా అక్కడిదాకా రుద్ది మళ్ళీ పూసుకోవచ్చు. సాండ్ పేపర్ 220 నంబరు దాకా చాలు. పల్చగా పూసి పావుగంటాగి మిగిలిందంతా తుడిచెయ్, లేకపోతే జిడ్డుగా ఉండిపోతుంది. మీ అమ్మ కొబ్బరినూనె రాయమంటే ఊఁ అని ఊరుకో, అది ఎన్నాళ్ళకీ గట్టిపడదు, నువ్వుల నూనే అంతే. టంగ్ ఆయిల్, అంటే టంగ్ చెట్టు గింజల నూనె, కొంటే ప్యూర్ అని ఉందో లేదో చూడు, టంగ్ ఆయిల్ ఫినిష్ అని అమ్మేవాటిలో కొన్నిట్లో ఆ నూనె చుక్క కూడా ఉండదు. నా ఓటు మాత్రం అవిసె నూనెకే, అదే బాయిల్డ్ లిన్‌సీడ్. వాల్‌నట్ ఏళ్ళు గడిచేకొద్దీ వెలిసిపోతుంది కదా, ఇది కాస్త వెచ్చటి రంగు తెస్తుంది.

ఇక అసలు సంగతి. మేం ఫిలడెల్ఫియా దగ్గరున్నప్పుడు టీపాయ్ చేసి ఈ నూనే పూశా. తుడిచిన గుడ్డలు నా పాత గళ్ళ లుంగీ ముక్కలు, ఉండ చుట్టి గరాజ్‌లో చెత్తడబ్బాలో పడేశా. అవిసె గింజలే కదా, మీ పిన్ని కారప్పొడి కొట్టేది వాటితోనేగా అని నా ధీమా. రాత్రి పిన్ని లేపి ఏదో మాడు వాసనొస్తోంది అంటే స్టవ్ చూసొచ్చి పడుకోబోయా, బుద్ధిలేక. తనే వెళ్ళి గరాజ్ తలుపు తీసింది. పొగ. డబ్బా మూత మెత్తబడి లోపలికి వంగిపోయింది. లుంగీ ఉండ మధ్యలో బొగ్గు, అంచుల్లో మాత్రం నీలం గళ్ళు అలాగే ఉన్నాయి. పైగదిలో పిల్లలు నిద్రపోతున్నారురా.

అగ్గిపుల్ల అక్కర్లేదు, ఆ నూనె గాలి పీల్చుకుని గట్టిపడుతూ వేడెక్కుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేదు. 1991 ఫిబ్రవరిలో ఆ ఊళ్ళోనే 38 అంతస్తుల వన్ మెరీడియన్ ప్లాజా ఇలాంటి గుడ్డల వల్లే తగలబడి ముగ్గురు ఫైర్‌మెన్ పోయారు, అంత జరిగిన ఊళ్ళో ఉండి కూడా నాకు పట్టలేదు చూడు.

కాబట్టి ప్రతి గుడ్డా విప్పి, వడియాలు పెట్టినట్టు విడివిడిగా, బయట సిమెంటు మీద ఆరెయ్. అప్పడంలా బిరుసెక్కాకే చెత్తలోకి. రాత్రయింది రేపు చూద్దాంలే అన్నావో, వచ్చి చెవి మెలిపెడతా.

ముందు గుడ్డలు ఆరేసిన ఫోటో పంపు, మందిరం ఫోటో తర్వాత.

మీ బాబాయ్