సంఘం అలమరలోకి పుస్తకాలు కొనే ముందు

పర్లాకిమిడి

అల్లుడూ,

ప్రభువు నామంలో నీకు, అమ్మాయికి, పిల్లలకి వందనాలు. గుణుపురంలో మీ సంఘంవాళ్ళు యువజనులకీ స్త్రీల సమాజానికీ కలిపి ఒక పుస్తకాల అలమర పెడుతున్నారని, ధ్యాన పుస్తకాలు ఎంచి కొనే పని నీకు అప్పజెప్పారని చదివి చాలా సంతోషం కలిగింది. ఏవి మంచివో లిస్ట్ పంపమన్నావు. పేర్లు చెప్తాను గాని, ఒక్కో పుస్తకం ఎవరికి మేలు చేస్తుందో, ఎక్కడ దెబ్బ తీస్తుందో కూడా నీకు తెలియాలి. ఎందుకంటే రేపు ఆ పుస్తకం ఎవరి చేతిలో పెట్టాలో తేల్చవలసింది నువ్వే.

మీ మావయ్య మంచం పట్టిన ఏడాది మన ఇంటికి వచ్చిన పుస్తకాల సంగతి నీకు తెలియదు, అప్పటికి నువ్వు చిన్నవాడివి. బాగా కావలసిన మనిషి ఒకరు ప్రేమతోనే ఒక పుస్తకం తెచ్చి ఇచ్చారు. స్వస్థత గురించిన పుస్తకం. అట్ట అందంగా ఉంది, ప్రతి పేజీలో వచనాలు ఉన్నాయి. సగం చదివేసరికి దాని సారం బయటపడింది: రోగం వదలలేదంటే ఆ ఇంట్లో ఎక్కడో అవిశ్వాసం ఉన్నట్టే. ఆ రాత్రి ఆయన నన్ను లేపి, "నా విశ్వాసంలో లోపం ఎక్కడుందో నీకేమైనా కనిపిస్తోందా?" అని అడిగారు. నలభై ఏళ్ళు సండే స్కూల్ చెప్పిన మనిషి. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అప్పటి నుంచి ఏ ధ్యాన పుస్తకం చేతికొచ్చినా, దీన్ని రోగి మంచం పక్కన కూర్చుని పైకి చదవగలనా అని ముందు చూసుకుంటాను. చదవలేకపోతే అలమరలో పెట్టను.

ఆ రోజుల్లోనే మాకు ఆధారమైంది రోజుకో పేజీ చొప్పున చదివే 'ఎడారిలో సెలయేర్లు'. దాన్ని కూర్చిన శ్రీమతి కౌమన్, ఆమె భర్త జపాన్‌లో మిషనరీలుగా పనిచేశారు. ఆయన గుండె జబ్బు వల్ల స్వదేశానికి తిరిగి వెళ్ళిపోవలసి వచ్చింది. ఏళ్ళ తరబడి ఆయనకు సేవ చేస్తూ, తనకు ధైర్యం ఇచ్చిన మాటలు ఎక్కడ దొరికితే అక్కడ ఏరి పెట్టుకుంది. ఆయన 1924లో పోయారు, పుస్తకం 1925లో వచ్చింది. రోగి పక్కన మేలుకుని ఉన్న మనిషి చేసిన కూర్పు అది. అందుకే కష్టంలో ఉన్నవాళ్ళకి అంత దగ్గరగా వినిపిస్తుంది. అందులో ఎక్కువ భాగం ఆమె సొంత రాత కాదు, ఎందరో ప్రసంగీకుల, కవుల మాటలు. ఇది మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

దానిలోనూ ఒక లోపం ఉంది. ప్రతి కష్టమూ దేవుడు మనకు పాఠం నేర్పడానికే పంపాడన్నట్టు చాలా పేజీలు నడుస్తాయి. ఒకటి రెండు రోజులు చదివితే బలం వస్తుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి వరసగా నెల రోజులు అవే చదివి వినిపిస్తే, నాకు పాఠం చెప్పడానికి నా బిడ్డను తీసుకున్నాడా అనే ప్రశ్న పుడుతుంది. మావయ్య అలాంటి చోట్ల పెన్సిల్‌తో ప్రశ్న గుర్తు పెట్టేవారు. పుస్తకాన్ని ప్రేమిస్తూనే అలా గుర్తు పెట్టేవారు.

ఇక వచనాల సంగతి. ధ్యాన పుస్తకాలన్నిటికీ పెద్ద జబ్బు ఒకటే: ఒక్క వచనాన్ని దాని అధ్యాయంలోంచి పీకి పట్టుకొస్తాయి. యిర్మీయా 29:11 మన ఇళ్ళల్లో ఎన్ని క్యాలెండర్ల మీద ఉందో చూడు. దేవుని ఉద్దేశాలు మనకు మేలు చేసేవే గాని కీడు చేసేవి కావన్న మాట. కొత్త సంవత్సరం వాగ్దానంగా అది వచ్చినవాళ్ళు ఉద్యోగం ఖాయమనుకుంటారు. అది బబులోనుకు చెరగా పోయిన యూదులకు యిర్మీయా పంపిన ఉత్తరంలోది. దాని ముందున్న పదో వచనం చదివితే వాళ్ళు డెబ్బై ఏళ్ళు బబులోనులోనే ఉంటారని ఉంటుంది. ఆ ఉత్తరం విన్న ముసలివాళ్ళు తిరుగు ప్రయాణం చూసి ఉండరు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోరండి అని అంతకు ముందే ఉంది. ఫిలిప్పీ 4:13 కూడా అంతే. పరీక్ష పాసవడానికి పిల్లలు పుస్తకాల మీద రాసుకునే ఆ మాట పౌలు బంధకాల్లో ఉండి రాసింది. దాని పై వచనంలో ఆకలి, లేమి ఉన్నాయి.

కాబట్టి కొనబోయే పుస్తకంలో నీకు బాగా తెలిసిన వచనం ఉన్న పేజీ తీసి, ముందు బైబిల్లో ఆ అధ్యాయం మొత్తం చదివి, తర్వాత రచయిత ఏం చెప్పారో చూడు. అలా ఐదారు పేజీలు చూస్తే చాలు. ఇంకో పని చెయ్యి. 88వ కీర్తన నుంచి ఒక్క రోజైనా ధ్యానం ఉందేమో వెతుకు. చివరి మాట వరకూ చీకటిలోనే ముగిసే కీర్తన అది. దాని జోలికి వెళ్ళిన రచయితను నేను నమ్ముతాను.

ఓస్వాల్డ్ ఛాంబర్స్ రాసిన 'మై అట్మోస్ట్ ఫర్ హిజ్ హైయ్యెస్ట్' గురించి ప్రత్యేకంగా అడిగావు. నిజానికి ఆ పుస్తకం ఆయన కూర్చుని రాసింది కాదు. లండన్‌లో బైబిల్ కాలేజీ విద్యార్థులకూ, మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టులో ఉన్న సైనికులకూ చెప్పిన మాటల్ని ఆయన భార్య షార్ట్‌హ్యాండ్‌లో ఎక్కించుకుంది. 1917లో అపెండిసైటిస్ ఆపరేషన్ తర్వాత ఆయన పోయారు. పదేళ్ళ తర్వాత, 1927లో, ఆ నోట్సు నుంచి ఏరి ఆమె రోజుకో పేజీగా తెచ్చింది. ఆ భార్య లేకపోతే ఆ పుస్తకమే లేదు, స్త్రీల సమాజంలో ఈ సంగతి తప్పకుండా చెప్పు. వేర్వేరు ప్రసంగాల్లోంచి ముక్కలు తీసి కలిపింది కాబట్టి కొన్ని పేజీల్లో దారం తెగినట్టు ఉంటుంది. అర్థం కాకపోతే చదివేవాడి తప్పు కాదు. విశ్వాసంలో బద్ధకం వచ్చినవాడికి అది మంచి మందు. ఊరికే తనను తాను నిందించుకునే సున్నితమైన మనిషికి మాత్రం ఇవ్వకు. అతనికి ఆ గట్టి మాటలన్నీ శిక్షలాగే వినిపిస్తాయి.

మీ సంఘం అమ్మాయిలు ఫోన్‌లో చదువుతున్నారన్న 'జీసస్ కాలింగ్' గురించి పాస్టరుగారు కోపంగా ఉన్నారని రాశావు. ఆయన భయంలో న్యాయం ఉంది. 2004లో సారా యంగ్ రాసిన ఆ పుస్తకంలో యేసు ప్రభువే 'నేను' అని రోజూ మాట్లాడుతున్నట్టు ఉంటుంది. తన రాత లేఖనంలా దైవప్రేరేపితం కాదని ఆమె ముందుమాటలో చెప్పుకుంది. కానీ పొద్దున్నే ముందుమాట ఎవరు చదువుతారు? 'నేను నీతో ఉన్నాను' అన్న వాక్యం కింద ఆమె పేరు కనపడదు, ప్రభువు గొంతే వినపడుతుంది. పైగా ఆ గొంతు ఎప్పుడూ ఓదారుస్తుంది. నీ సొమ్ము బీదవారికి ఇవ్వమనో, నీ అన్నతో ముందు సమాధానపడి రమ్మనో సువార్తల్లో గద్దించే ప్రభువు అందులో అంతగా కనపడడు.

అయినా న్యాయంగా మాట్లాడాలంటే ఇంకో మాట చెప్పాలి. సాధు సుందర్ సింగ్ 'గురుపాదాల చెంత' మనమందరం కళ్ళకద్దుకుని చదివాం. అందులోనూ గురువు శిష్యుడితో మాట్లాడతాడు. పదిహేనో శతాబ్దపు 'క్రీస్తు అనుకరణ' మూడో భాగంలోనూ అంతే. ఆ పద్ధతి పాతదే, దాన్నే తప్పు పట్టలేం. తేడా ఏమిటంటే వాటిలో శిష్యుడు కూడా మాట్లాడతాడు, సందేహాలు అడుగుతాడు, కాబట్టి ఇది ఒక రచన అని చదివేవాడికి గుర్తుంటుంది. అమ్మాయిల ఫోన్లు లాక్కోవద్దని పాస్టరుగారికి నా మాటగా చెప్పు. ఆ పేజీ కింద ఇచ్చిన వచనాలు ముందు బైబిల్లో చదివి, ఆ తర్వాతే ఆ పేజీ చదవమని వాళ్ళకు చెప్పమను. నేను ఇక్కడి అమ్మాయిలచేత అలాగే చేయించాను. రెండు నెలల్లో వాళ్ళే వచ్చి, వచనం ఒకటి చెప్తుంటే పేజీ ఒకటి చెప్తోందని చూపించారు.

'క్రీస్తు అనుకరణ' ఒక్క కాపీ చాలు. మఠంలో సన్యాసి సన్యాసుల కోసం రాసిన పుస్తకం అది. వినయం నేర్పడంలో దానికి సాటి లేదు. కానీ భార్యాబిడ్డలు, పొలం, అప్పు ఉన్న మనిషి అందులో లేడు. 'యాత్రికుని ప్రయాణం' తప్పకుండా కొను. 1678 నాటిది, అయినా మంచి కథ కాబట్టి చదువురాని పెద్దమ్మలు కూడా వింటారు. మొదటి భాగంలో 'క్రైస్తవుడు' అనే పేరున్న కథానాయకుడు భార్యాపిల్లల్ని వదిలి వెళ్ళిపోతాడు, వాళ్ళ ప్రయాణం 1684లో వచ్చిన రెండో భాగంలో ఉంది. రెండూ ఉన్న ప్రతి దొరికితే అదే తీసుకో.

భాష సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు. ఒడిశాలో ఉన్నాం కాబట్టి మన పిల్లలు బడిలో ఒడియా చదువుతారు. తెలుగు అక్షరాలు సండే స్కూల్లో, కీర్తనల పుస్తకంలో నేర్చుకున్నవే. వాళ్ళకు నోరు తిరగని అనువాదం ఇస్తే పుస్తకంతో పాటు తెలుగునూ వదిలేస్తారు. కొనే ముందు ఎనిమిదో తరగతి పిల్లచేత ఒక పేజీ పైకి చదివించు. ఆమె రెండు మూడు చోట్ల తడబడితే పర్వాలేదు, ప్రతి వాక్యానికీ ఆగితే వద్దు. పెద్దవాళ్ళ కోసం పెద్ద అక్షరాల ప్రతులు చూడు.

'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' నాలుగైదు కాపీలు ధ్యాన పుస్తకాల అరలోనే పెట్టు, పాటల అరలో వద్దు. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మన పర్లాకిమిడి ప్రాంతం మనిషి. అనువాదం కాకుండా తెలుగులోనే ఆలోచించి, తెలుగులోనే ఏడ్చి రాసిన ధ్యానాలు అవి. రోజుకో చరణం చదివించి, దాని వెనక ఉన్న వాక్యభాగం వెతికించు.

ఒకేసారి డబ్బంతా ఖర్చు పెట్టకు. సగానికే కొని, ఆరు నెలలు ఎవరేం తీసుకెళ్తున్నారో నోట్‌బుక్‌లో రాయించు. వెనక్కి తెచ్చినప్పుడు, ఈ పుస్తకం నిన్ను బైబిల్ దగ్గరికి పంపిందా లేక దాని బదులు నిలబడిందా అని అడిగి, వాళ్ళు చెప్పిన జవాబు కూడా అక్కడే రాయించు. మిగతా సగం ఆ జవాబులు చూసి కొనవచ్చు.

మావయ్య చదివిన 'ఎడారిలో సెలయేర్లు' ఈ ఆదివారం వచ్చేవాళ్ళతో పంపిస్తున్నాను. అట్ట ఊడింది, గుడ్డ అంటించి కుట్టాను. లోపల ఆయన పెన్సిల్ గీతలు, ప్రశ్న గుర్తులు ఉన్నాయి. ఎవరినీ చెరపనివ్వకు.

మీ మేనత్త