అప్రెంటిస్‌లను పెట్టుకునే ముందు: చిన్నబాబుకు పెదనాన్న ఉత్తరం

చి. చిన్నబాబుకు,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. జీడిమెట్లలో లోహపు విడిభాగాలు చేసే మీ షాపులో మనుషులు 40కి చేరారు, అప్రెంటిస్‌లను, అంటే పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లను, పెట్టుకోవాలని లెటర్ వచ్చింది. ఎంతమందిని పెట్టుకోవాలి, దానివల్ల నాకేం ఒరుగుతుంది అన్నావు. "నేర్పించాక పక్క షాపువాడు రెండు వేలు ఎక్కువిస్తే వెళ్లిపోతాడు కదా పెదనాన్నా, ఎవరికోసమో నేనెందుకు నేర్పాలి" అని కూడా అన్నావు. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

ఈ రోజు మీ షాపులో సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషీన్) సెట్టింగ్ చేసే పెద్దాయన ఎక్కడ నేర్చుకున్నాడో ఒకసారి అడుగు. మీ నాన్నకు మొదటి లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మెషీన్) నిలబెట్టి ఇచ్చిన మనిషి ఎక్కడివాడో అడుగు. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షాపుల్లో మా తరం చేతులు చాలావరకు ప్రాగా టూల్స్‌లో, ఆల్విన్‌లో, హెచ్‌ఎంటీలో, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో తయారైనవే. ఆ పెద్ద కంపెనీల ట్రైనింగ్ షాపుల్లో ఏళ్ల తరబడి ఆకురాయి పట్టి నేర్చుకున్నవాళ్లు తర్వాత బయటికొచ్చి చిన్న షాపుల్లో చేరారు, కొందరు సొంతంగా పెట్టుకున్నారు. చిన్న యజమానికి నేర్పే ఖర్చు లేకుండానే పనివాడు దొరికాడు. ప్రాగా, ఆల్విన్ ఇప్పుడు లేవు. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఒక్కొక్కరే రిటైర్ అవుతున్నారు. నీ షాపు ఇన్నాళ్లూ ఇంకొకరు నేర్పిన చేతుల మీద నడిచింది చిన్నబాబూ. ఇప్పుడు నేర్పే వంతు నీలాంటివాళ్లదే. అందరూ పక్కవాడు నేర్పనీలే అనుకుంటే పదేళ్లకి జీడిమెట్ల మొత్తం వెతికినా సెట్టర్ దొరకడు.

వెళ్లిపోయేవాడు వెళ్తాడు, అది నిజం. అయితే మీ దగ్గర చేసి వెళ్లిపోయారని నువ్వు చెప్పిన ఆ ఇద్దరు కుర్రాళ్ల సంగతి నేను మీ సూపర్‌వైజర్‌ని అడిగాను. ఏడాదంతా వాళ్ల చేత ఒకే మెషీన్ దగ్గర జాబ్ (చెక్కాల్సిన ముక్క) పెట్టించడం, తీయించడం, బటన్ నొక్కించడం తప్ప ఇంకేమీ చేయించలేదట. బటన్ నొక్కే పని ఎక్కడైనా ఒకటే, కాబట్టి ఎక్కడ డబ్బులెక్కువుంటే అక్కడికి పోతారు. నేర్చుకుంటున్నాననిపించే చోటు నుంచి కుర్రాడు అంత తొందరగా కదలడు. నీ దగ్గరే సెట్టింగ్ వస్తుంది, ఆ తర్వాత ప్రోగ్రాం దిద్దడం వస్తుంది అని వాడికి కంటికి కనబడాలి.

ఇక చట్టం సంగతి. ఇది 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం. 2014లో బాగా సవరించారు, 2019లో నిబంధనలు ఇంకాస్త మార్చారు. వాటి ప్రకారం 30 మంది, అంతకు పైన ఉన్న సంస్థ అప్రెంటిస్‌లను తప్పనిసరిగా పెట్టుకోవాలి. 4 నుంచి 29 మంది ఉన్నవాళ్లకు అది ఇష్టం. ఎంతమంది అంటే, కాంట్రాక్టు మనుషులను కూడా కలిపి లెక్కేసి 2.5 శాతం నుంచి 15 శాతం దాకా. 40 మందికి ఆ లెక్క కనీసం ఒకరు, గరిష్ఠం ఆరుగురు. ఆరుగురికి పర్మిషన్ ఉంది కదా అని ఆరుగురినీ తీసుకోకు. మీ దగ్గర నేర్పే ఓపిక, నేర్పగల చెయ్యి రెండూ ఉన్నవాళ్లు నాకు తెలిసి ఇద్దరే. కాబట్టి ఈ ఏడాది ఇద్దరు చాలు.

డబ్బు లెక్క కూడా చెబుతాను. ఐటీఐ పాసైన కుర్రాడికి 2019 నిబంధనల్లో కనీస స్టైపెండ్ నెలకు 7,000గా పెట్టారు. డిప్లొమా వాళ్లకు 8,000, డిగ్రీ వాళ్లకు 9,000. రెండో ఏడాదికి వెళ్తే పది శాతం పెంచాలి. ఈ అంకెలను ప్రభుత్వం మారుస్తూ ఉంటుంది కాబట్టి కాంట్రాక్టు రాసే రోజున ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో ఏముందో చూసుకో. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో పాతిక శాతం, 1,500 దాటకుండా, కేంద్రం భరిస్తుంది. 2023 నుంచి ఆ వాటాను నేరుగా కుర్రాడి బ్యాంకు ఖాతాలోనే వేస్తున్నారు. అంటే 7,000 లెక్కన నీ జేబులోంచి పోయేది 5,500. అప్రెంటిస్‌కి పీఎఫ్, ఈఎస్‌ఐ కట్టక్కర్లేదు.

ఇది చూసి, హెల్పర్ కంటే చవగ్గా మనిషి దొరికాడు అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు ఆ దారిన వెళ్లకు. చట్టం దృష్టిలో అప్రెంటిస్ నేర్చుకునేవాడే తప్ప పనివాడు కాదు. ప్రభుత్వం నియమించిన అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి లేకుండా వాడి చేత ఓవర్‌టైమ్ చేయించకూడదని చట్టంలోనే ఉంది. చట్టం అలా ఉంచు, ఇంకొకరి పిల్లాడిని నేర్పిస్తానని పిలిచి, ఫ్లోర్ ఊడ్పించి, టీలు తెప్పించి, ఏడాది తర్వాత చేతిలో కాగితం పెట్టి పంపడం అన్యాయం. ఆ వయసులో పోయిన ఏడాది వాడికి మళ్లీ రాదు. అలా వాడుకునేట్టయితే చట్టం అడిగిన ఆ ఒక్కడితో ఆపెయ్. రెండోవాడిని తీసుకోవద్దని నేనే చెబుతాను.

7,000తో హైదరాబాద్‌లో ఎలా బతుకుతారో కూడా ఆలోచించు. షాపూర్‌నగర్‌లో నలుగురు కలిసి గది తీసుకున్నా అద్దె, తిండి, బస్సు పోను ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. అదే కుర్రాడు బైక్ మీద ఫుడ్ డెలివరీకి వెళ్తే అంతకన్నా ఎక్కువే వస్తుంది. వాడి స్నేహితులు వాడికి రోజూ చెప్పేది అదే. నిబంధనలు తక్కువ ఇవ్వొద్దన్నాయి, ఎక్కువ ఇవ్వొద్దనలేదు. మధ్యాహ్నం భోజనం పెట్టు, పైన కొంత కలిపి ఇవ్వు. మెదక్ నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చినవాడైతే షాపు దగ్గర్లో గది చూపించు. ఆకలి టెన్షన్‌తో ఉన్నవాడికి మైక్రోమీటర్‌లో (సన్నటి కొలతలు తీసే పరికరం) గీతలు కనబడవు.

ఎలా నేర్పాలన్నది ఇంకా ముఖ్యం. మొదటి నెల రోజులు సీఎన్‌సీ దగ్గరికి పంపించకు. ఇది విని మీ సూపర్‌వైజర్ నవ్వుతాడేమో, నవ్వనీ. ఒక మైల్డ్ స్టీల్ ముక్క ఇచ్చి వైస్‌లో బిగించి ఆకురాయితో చదును చేయించు. ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే సందులోంచి వెలుగు కనబడకూడదు. అది కుదిరేదాకా చేయించు. విసుగు పుట్టించే పనే, కానీ లోహం ఎంత మాట వింటుందో, ఎక్కడ వినదో చేతికి తెలిసేది అక్కడే. పక్కనే కొలవడం నేర్పించు. వెర్నియర్‌తో మొదలుపెట్టి మైక్రోమీటర్‌కి రా. ఒకే ముక్కను ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిపించు. రెండుసార్లూ ఒకటే అంకె వస్తే వాడి చెయ్యి కుదురుకున్నట్టు. మీ షాపులో రిజెక్షన్ ఎక్కువని నువ్వు వాపోయావు కదా, అందులో సగం మెషీన్ తప్పు కాదని నా నమ్మకం. కొలత తెలియని చేతులవి.

రెండో నెల నుంచి డ్రాయింగ్ చదివించు. ఐటీఐలో చదివే ఉంటారు, అయినా నీ కస్టమర్ డ్రాయింగ్‌లో టాలరెన్స్ (కొలతలో ఒప్పుకునే తేడా) ఎందుకంత బిగుతుగా ఇచ్చారో, ఆ ముక్క వెళ్లి పంపులో ఎక్కడ కూర్చుంటుందో ఎవరూ చెప్పి ఉండరు. అది చెబితే వాడు ఆ ముక్కను చూసే తీరే మారుతుంది. తర్వాత మామూలు లేత్, డ్రిల్లింగ్, ఆ తర్వాతే సీఎన్‌సీ. స్క్రాప్‌లో పడేసే రాడ్ ముక్కలు కొన్ని వీళ్ల ప్రాక్టీసుకని విడిగా పెట్టించు. నేర్చుకునేవాడు పాడుచేస్తాడు. పాడు చేసినప్పుడు అరిస్తే తప్పు దాచడం నేర్చుకుంటాడు, మన పనిలో అంతకన్నా ప్రమాదం ఇంకోటి లేదు. దాచిన ముక్క కస్టమర్ దగ్గర బయటపడుతుంది.

సీనియర్ల గురించి కూడా నువ్వు ఆలోచించాలి. "వీడికి నేర్పిస్తే రేపు నా కుర్చీకి ఎసరు పెడతాడు" అన్న భయం లేత్ మీద పనిచేసే ప్రతి పాత టర్నర్‌కీ ఉంటుంది. ఆ భయం పోకుండా ఎన్ని ట్రైనింగ్ షెడ్యూళ్లు రాసినా పని జరగదు. కుర్రాడిని పిలిచి పది నిమిషాలు పని చూపించి, అసలు కిటుకు దగ్గర టీకి పంపేస్తారు. మీ పెద్దాయనతో ముందే విడిగా కూర్చుని మాట్లాడు. నేర్పినందుకు నెలకింత అని అలవెన్స్ ఇవ్వు. కుర్రాడు పరీక్ష పాసైతే ఆయన్ని అందరి ముందూ నిలబెట్టి చెప్పు. ఇన్సర్ట్ (లోహాన్ని కోసే మొన) అరిగినప్పుడు మెషీన్ శబ్దం ఎలా మారుతుందో, సన్నటి జాబ్ వణకకుండా ఎలా పట్టాలో ఆయన చెవిలో, చేతిలో ఉంది. ఏ మాన్యువల్‌లోనూ లేదు. ఆయన ఇంకో మూడేళ్లలో వెళ్లిపోతాడు. ఆ పనితనాన్ని షాపులో ఉంచుకోవడానికి నీకు వేరే దారి లేదు. నాకేం లాభమన్నావు కదా, అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే.

ఇంకో లాభం కూడా ఉంది. ఉద్యోగానికి మనిషిని పావుగంట ఇంటర్వ్యూలో తీసుకుంటాం. అప్రెంటిస్‌ని ఏడాదిపాటు దగ్గర నుంచి చూస్తావు. టైముకి వస్తాడా, తప్పు చేస్తే చెబుతాడా, మెషీన్ తుడిచి వెళ్తాడా, అన్నీ తెలుస్తాయి. అంతా చూశాక తీసుకున్నవాడు నిన్ను ఆశ్చర్యపరచడు.

భద్రత విషయంలో మాత్రం రాజీ పడకు. తిరిగే మెషీన్ దగ్గర గ్లౌజులు వద్దు, వదులు చొక్కా వద్దు, జాబ్‌ని పట్టే చక్‌లో దాని కీ వదలొద్దు, చిప్స్ (లోహపు చెక్కుళ్లు) చేత్తో లాగొద్దు, హుక్కుతో తీయాలి. మొదటి రోజే చెప్పు, రోజూ చూడు. శిక్షణలో దెబ్బ తగిలితే పరిహారం యజమాని బాధ్యతే అని చట్టంలో ఉంది. ఈఎస్‌ఐ లేదు కాబట్టి వాళ్లిద్దరి పేరు మీద ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకో. నైట్ షిఫ్ట్ వెయ్యకు, ఆ వేళ నేర్పేవాళ్లెవరూ ఉండరు.

ఆ ఇద్దరిలో ఒక అమ్మాయిని తీసుకోమని నా మాట. ఐటీఐల్లో ఫిట్టర్, మెషినిస్ట్ ట్రేడ్‌లు చదివిన ఆడపిల్లలు ఉన్నారు, వాళ్లను పిలిచే షాపులే తక్కువ. ముందు శుభ్రమైన బాత్‌రూమ్ కట్టించు.

ఇప్పుడు కుర్రాళ్ల వైపు సంగతి. చేర్చడానికి వచ్చిన తండ్రి మొదట అడిగేది "పర్మినెంట్ చేస్తారా సార్" అనే. అబద్ధం చెప్పకు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని చట్టంలో లేదు, ఇచ్చినా చేరాలని కుర్రాడికీ లేదు. కాంట్రాక్టులో ముందే రాసుకుంటే మాత్రం ఇద్దరూ దానికి కట్టుబడాలి. ఎవరిని తీసుకుంటావన్న పాలసీ నువ్వే రాసిపెట్టుకోవాలి. అది ఆ తండ్రికి చూపించు. ఉన్నదేమిటో కూడా చెప్పు. శిక్షణ చివర అఖిల భారత ట్రేడ్ టెస్ట్ రాసి పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ వస్తుంది. ఐటీఐ సర్టిఫికెట్ మీద అది ఇంకో మెట్టు. రైల్వేలో శిక్షణ పొందిన అప్రెంటిస్‌లకు అన్నిటికన్నా కింది స్థాయి అయిన లెవెల్ 1 పోస్టుల్లో 20 శాతం కేటాయించారు. మిగతా అర్హతలన్నీ సమానంగా ఉంటే శిక్షణ పొందినవాళ్లకు నేరుగా వచ్చినవాళ్ల కంటే ముందు అవకాశం ఇవ్వాలని 1995లో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీటికి మించి, ఐటీఐలో రెండేళ్లు చదివినా నిజమైన ఆర్డర్, నిజమైన గడువు, నిజమైన కస్టమర్ కోపం చూడని పిల్లాడికి ఆ ఏడాదిలో వచ్చే ధైర్యం ఒకటుంది. డెలివరీ బైక్ మీద వచ్చే డబ్బు ఈ నెలకి ఎక్కువే. పదేళ్ల తర్వాత ఆ పనిలో పెరిగేది వయసు ఒక్కటే. ఇది కుర్రాడికి కూడా చెప్పు. చెప్పాక నిర్ణయం వాడికే వదిలెయ్.

ఒక నోటుబుక్ కొనిచ్చి ఏ రోజు ఏం నేర్చుకున్నాడో రాయించు, శనివారం నువ్వే సంతకం పెట్టు. సూపర్‌వైజర్‌తో పెట్టించకు. మూడు వారాలు వరసగా ఒకే పని రాసి ఉంటే ఎక్కడో నేర్పడం ఆగిందని నీకు తెలిసిపోతుంది.

సోమవారం మల్లేపల్లి ఐటీఐకి వెళ్లి ట్రైనింగ్ ఆఫీసర్‌ని కలువు. మార్కులు చూసి ఎంచుకోకు. వర్క్‌షాప్‌లో పిల్లలు పని చేస్తున్నప్పుడు ఒక గంట నిలబడి చూసి ఎంచుకో. ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా ఉందో లేదో అక్కడే కనుక్కో, లేకపోతే ప్రభుత్వ వాటా ఆగిపోతుంది. పోర్టల్‌లో కాంట్రాక్టు నమోదు అయ్యేదాకా ఎవరినీ షాప్ ఫ్లోర్ మీదికి రానివ్వకు. కాంట్రాక్టు ప్రింట్ తీశాక నాకు ఫోన్ చెయ్, ఆదివారం వచ్చి పెద్దాయనతో నేనూ మాట్లాడతాను.

ఇట్లు,
మీ పెదనాన్న