మధ్య సంపుటం వంతెన మాత్రమేనా?

ప్రశ్న: మూడు సంపుటాలుగా వచ్చే సైన్స్ ఫిక్షన్ నవలలంటే నాకు ఇష్టం. అయితే మొదటి పుస్తకాన్ని ఏకబిగిన చదివేసే నేను, రెండో పుస్తకం దగ్గరకు వచ్చేసరికి ప్రతిసారీ చతికిలపడుతున్నాను. కొత్త లోకాన్ని చూసిన అబ్బురం అప్పటికే పాతబడి ఉంటుంది. ముగింపు చూద్దామంటే ఇంకో పుస్తకం దాటాలి. ఐజాక్ అసిమోవ్ రాసిన ‘ఫౌండేషన్ అండ్ ఎంపైర్’ను కూడా సగంలో ఆపేశాను. ఇలాంటి మధ్య పుస్తకాల కథాసంగ్రహం మాత్రం చదువుకొని నేరుగా మూడో దానికి వెళితే నష్టమేమైనా ఉంటుందా?

జవాబు: ఉంటుంది. అందులోనూ మీరు ఆపిన చోటు తలచుకుంటే జాలి కలుగుతోంది. ఆ పుస్తకంలో రెండు పెద్ద కథలున్నాయి. రెండూ 1945లో పత్రికలో విడివిడిగా వచ్చి, 1952లో ఒకే సంపుటంగా వెలువడ్డాయి. కోట్లాది జనం కలిసి నడిచే తీరును గణితంతో లెక్కగట్టవచ్చుననీ, ఆ లెక్క ముందు ఏ ఒక్కరి శౌర్యమూ నిలవదనీ మొదటి సంపుటం చెప్పిన సూత్రాన్ని ఇక్కడి తొలి కథ మరింత బలంగా రుజువు చేస్తుంది. మహా సమర్థుడైన సేనాని దండెత్తి వస్తాడు. ఆ సామర్థ్యమే చక్రవర్తికి కంటగింపై, చివరకు ఆ సేనానినే కూలదోస్తుంది. ‘ఇదంతా మనకు తెలిసిందే కదా’ అని పాఠకులకు అనిపించే ఘట్టం అదే, మీరూ బహుశా అక్కడే పుస్తకం మూసి ఉంటారు. కానీ తరువాతి కథకు కావలసింది సరిగ్గా ఆ నిశ్చింతే, ఎందుకంటే ఆ లెక్కకు అందని ఒకే ఒక్క మనిషి అందులో అడుగుపెడతాడు.

ఆ లెక్కను రూపొందించి ఏనాడో మరణించిన హారీ సెల్డన్ సంక్షోభ సమయాల్లో ప్రతిబింబంగా ప్రత్యక్షమై, అప్పటి పరిస్థితిని కళ్లారా చూసినట్టు వివరించడం మీరు మొదటి సంపుటంలో చదివారు. ఈ రెండో కథలోనూ ఆయన ప్రత్యక్షమవుతాడు. అయితే, అసలు జరగనే జరగని ఒక అంతర్యుద్ధం గురించి ప్రశాంతంగా మాట్లాడుతూ పోతాడు. (ఇంతకు మించి చెబితే మీ ఆనందాన్ని నేనే పాడుచేసినవాణ్ణి అవుతాను.) కథాసంగ్రహంలో ఈ ఘట్టం ‘సెల్డన్ అంచనా తప్పింది’ అన్న మూడు మాటలకు కుదించుకుపోతుంది. ఆ మూడు మాటలు చదివినవారికి విషయం తెలుస్తుందే తప్ప వెన్నులో చలి పుట్టదు, ఎందుకంటే ఆ చలికి కారణం ఒకటిన్నర పుస్తకం పాటు మనం ఆయన మీద పెంచుకున్న నమ్మకం.

నాటకానికి ఐదు సంధులు, అంటే కథ నడకలో ఐదు దశలు, చెప్పిన మన లాక్షణికులు, వాటిలో నడిమిదైన గర్భసంధిలో, కనబడిన బీజం కనుమరుగు కావాలనీ, దానిని మళ్లీ మళ్లీ వెదకాలనీ అన్నారు. మంచి మధ్య సంపుటాన్ని గురించి ఇంతకంటె చక్కని వివరణ నాకు తారసపడలేదు. మొదటి పుస్తకం లోకాన్నీ దాని నియమాలనూ పరిచయం చేస్తుంది. ఆ భారం తీరిపోయిన రచయిత రెండో పుస్తకంలో ఆ నియమాలనే పరీక్షకు పెడతాడు. మీరు మొదటి పుస్తకంలోని అబ్బురాన్నే మళ్లీ వెదుకుతున్నారు గనుక, దాని స్థానంలోకి వచ్చిన ఈ రెండో రుచి మీకు తగలడం లేదనుకుంటున్నాను.

ముగింపు దూరంగా ఉందన్న ఫిర్యాదు కూడా అన్నిచోట్లా నిలవదు. చైనా రచయిత లియూ త్సిషిన్ 2008లో వెలువరించిన ‘ది డార్క్ ఫారెస్ట్’ ఆయన నవలాత్రయంలో నడిమిది. భూమి మీదకు శత్రు నౌకాదళం బయలుదేరింది, చేరడానికి సుమారు 400 ఏళ్లు పడుతుంది. ఈలోగా శత్రువులు మనుషుల ప్రతి మాటనూ వినగలరు, ప్రతి కాగితాన్నీ చదవగలరు, ఒక్క ఆలోచనలను మాత్రం చూడలేరు. అందుచేత నలుగురిని ఎంపిక చేసి, తమ వ్యూహాన్ని ఎవరికీ చెప్పకుండా మనసులోనే రచించమంటారు. పుస్తకం ఆరంభంలో ఒక సమాధి దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటుండగా, నాగరికతల మనుగడ గురించి రెండు సూత్రాలు వినబడతాయి. ఆ రెంటినీ కలిపితే ఏమవుతుందో తేలేసరికి పుస్తకం చివరికి వస్తాము. తన ప్రశ్నను తానే వేసుకొని తానే తీర్చుకున్న ఆ పుస్తకం దగ్గర ఆగిపోయినా అసంపూర్ణంగా అనిపించదు. నా మట్టుకు నాకు ఆ మూడింటిలో అదే శ్రేష్ఠం.

కథ కదలడం లేదన్న విసుగు వేరే రకం. ఎన్. కె. జెమిసిన్ రాసిన ‘ది ఒబెలిస్క్ గేట్’ (2016)లో, మొదటి సంపుటమంతా ప్రయాణంలో ఉన్న తల్లి చాలావరకు ఒక భూగర్భ స్థావరంలోనే ఉండిపోతుంది. ఆ నిలకడ మొదట నన్నూ విసిగించింది. అయితే అంతవరకు మనం ఆమె కళ్లతో మాత్రమే చూసిన గతాన్ని ఈ పుస్తకం కూతురి కళ్లతో చూపిస్తుంది; మనం సానుభూతి చూపిన తల్లి ఆ పిల్లకు ఎంత కఠినంగా కనబడిందో అప్పుడు గాని తెలియదు. ఇక్కడ కదిలింది కథ కాదు, మన తీర్పు. ఈ నవలకు 2017లో హ్యూగో అవార్డు లభించింది.

వంతెనగా మాత్రమే పనికివచ్చే మధ్య పుస్తకాలు లేవని నేను అనను. పాత్రలను ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చి, చివరి పుటలో మూడో పుస్తకానికి ప్రకటన వేసినట్టుగా ముగిసేవి చాలానే ఉన్నాయి. నూరు పుటలు చదివిన తరువాత కూడా ఈ పుస్తకానికి సొంతంగా ఒక ప్రశ్న కనబడకపోతే, మీ కథాసంగ్రహం మార్గమే మేలు. అసిమోవ్ పుస్తకానికి మాత్రం ఆ అవసరం లేదు. మొదటి కథను దాటి, నేరుగా రెండో కథ నుంచి తిరిగి మొదలుపెట్టండి.

ప్రశ్న: మొదటిది దొరకక మధ్య పుస్తకమే చేతికి వస్తే దానితో మొదలుపెట్టవచ్చా?

జవాబు: పైన చెప్పిన మూడింటితోనూ వద్దు. సి. ఎస్. లూయిస్ రాసిన ‘పెరెలాండ్రా’ (1943) వంటిదైతే నిరభ్యంతరంగా మొదలుపెట్టవచ్చు. మొదటి సంపుటం అంగారకుడి మీద జరిగితే ఇది శుక్రగ్రహం మీద జరుగుతుంది, కథానాయకుడు ఇదివరకు ఒకసారి వేరే గ్రహానికి వెళ్లివచ్చాడని తెలిస్తే చాలు.