ఎర్ర అక్షరాల లయొనెల్ బాక్స్‌కార్ అసలుదేనా?

అన్నా, మీ మామయ్య అమెరికా నుంచి చిత్తూరుకు తెచ్చిన లయొనెల్ (అమెరికా బొమ్మ రైళ్ల కంపెనీ) 6464-1 నంబరు మోడల్, అంటే వెస్టర్న్ పసిఫిక్ రైల్వే పేరున్న బొమ్మ గూడ్స్ వ్యాగన్‌పై ఎర్ర అక్షరాలున్నాయి, అరుదైన రకమా అని అడిగారు. తొందరపడి అమ్మేయకండి, సంబరపడకండి కూడా. 1953లో వచ్చిన ఈ వెండి రంగు వ్యాగన్‌కు మామూలుగా నీలం అక్షరాలే ఉంటాయి. ఎర్రవి చాలా అరుదు, అందుకే నకిలీలూ ఎక్కువ.

వాచీ రిపేరు చేసేవాళ్ల భూతద్దం తెచ్చి అక్షరాల అంచులు చూడండి. ఎరుపు కింద నీలం జాడ ఉన్నా, చుట్టూ వెండి రంగు రుద్దినట్టు మెరిసినా, పాతవి చెరిపి కొత్తవి అచ్చేశారన్నమాట. తలుపు జరిపి, దాని వెనక దాగిన రంగు బయటి రంగుతో సరిపోతుందో లేదో కూడా చూడండి.

తలుపులు, చక్రాల ట్రక్కులు (వ్యాగన్ కింద చక్రాలు బిగించే చట్రాలు) మాత్రం రుజువు కావు, సులువుగా మార్చేయొచ్చు. కానీ ప్లాస్టిక్ ట్రక్కులుంటే అనుమానించండి, తొలినాటి వాటికి లోహపువే ఉండేవి.

నేనూ ఒకసారి 'అరుదైన రంగు' అంటే నమ్మి కొన్నాను. విప్పి చూస్తే లోపల మామూలు రంగే! బయట రసాయనం పూశారు. తిరుపతి రైల్వే క్యారేజ్ షాపులో బోగీకి రంగేస్తే కనీసం అది దాచరు కదా!

లోపలి వైపు ఫొటో పెట్టండి, చూస్తాను.