ఫుజైరాలో డైవ్ గైడ్ ఉద్యోగం: నాలుగు లక్షలు కట్టే ముందు

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీ ఫైనలియర్. చిన్నప్పటి నుంచి ఈత వచ్చు. రుషికొండలో రెండుసార్లు స్కూబా చేశాడు. కోర్సు పూర్తిచేసి యూఏఈలోని ఫుజైరా వెళ్ళి డైవ్ గైడ్‌గా చేస్తానంటున్నాడు. ఇక్కడి కన్సల్టెన్సీ ఒకటి నాలుగు లక్షలు కడితే కోర్సు, వీసా, ఉద్యోగం అన్నీ చూసుకుంటామని, రెండేళ్ళలో ఆయిల్ రిగ్గుకు మారిపోవచ్చని చెబుతోంది. స్థలం మీద లోను తీసుకోమంటారా? – ఒక తండ్రి, గాజువాక

జవాబు: లోను ఇప్పుడు వద్దండి. మీవాడు ఎంచుకున్న పని మంచిదే, కానీ కన్సల్టెన్సీ వాళ్ళు రెండు వేర్వేరు ఉద్యోగాలను ఒకే మూటలో కట్టి అమ్ముతున్నారు. టూరిస్టులను నీళ్ళలోకి తీసుకెళ్ళేది రిక్రియేషనల్ డైవింగ్. రిగ్గు కింద, ఓడ అడుగున వెల్డింగ్, తనిఖీ చేసేది కమర్షియల్ డైవింగ్. అక్కడ గాలి పైనుంచి గొట్టం ద్వారా వస్తుంది, తలకు హెల్మెట్ ఉంటుంది, కోర్సూ వేరు, వైద్య పరీక్షా వేరు. పాడీ (రిక్రియేషనల్ డైవింగ్ సర్టిఫికెట్లిచ్చే సంస్థ) కార్డులు ఎన్ని ఉన్నా రిగ్గు మీద డైవర్‌గా తీసుకోరు. ఈ తేడా తెలిసి కూడా అలా చెప్పారంటే మిగతా మాటలనూ అదే తూకంతో తూచండి.

అన్నిటికంటే ముందు తేలాల్సింది చెవులు, ఊపిరితిత్తుల సంగతి. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. రెండు మూడు మీటర్ల లోతుకే కర్ణభేరి మీద ఒత్తిడి తెలుస్తుంది. ముక్కు మూసి మెల్లగా గాలి నెట్టి చెవులు సరిచేసుకోవడం కొందరికి ఎంత ప్రయత్నించినా కుదరదు. ముక్కు దూలం వంకర, పాత చెవిపోటు, సైనస్ ఉన్నవాళ్ళకు రోజుకు రెండు మూడు డైవ్‌లు నెలల తరబడి చేయడం కష్టం. ఒకటి రెండు సరదా డైవ్‌లలో ఇది బయటపడదు. పెదవాల్తేరు ఈఎన్‌టీ ఆసుపత్రిలో చెవులు, ముక్కు చూపించండి. ఉబ్బసం, మూర్ఛ, గతంలో ఊపిరితిత్తి కుంగిన చరిత్ర ఉంటే దాచొద్దు. గైడ్ పనికి కావలసిన డైవ్‌మాస్టర్ కోర్సుకు ఏడాది లోపు డాక్టరు సంతకం చేసిన ఫిట్‌నెస్ కాగితం ఎలాగూ కావాలి. లక్షలు కట్టాక తెలిసేదాన్ని కన్సల్టేషన్ ఫీజుతో ముందే తెలుసుకోవచ్చు.

ఇక కోర్సుల మెట్లు. మొదటిదైన ఓపెన్ వాటర్‌తో 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్‌తో 30 మీటర్ల వరకు దిగొచ్చు. ఆ తర్వాత ప్రథమ చికిత్స, రెస్క్యూ, దానిపైన డైవ్‌మాస్టర్. డైవ్‌మాస్టర్‌లో చేరడానికి 18 ఏళ్ళు నిండాలి, చేసిన ప్రతి డైవ్ రాసుకునే లాగ్ బుక్కులో 40 డైవ్‌లు ఉండాలి, ముగించేసరికి 60 కావాలి. ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు 100. ఈత పరీక్షలో 400 మీటర్లు, కాళ్ళకు తొడుక్కునే ఫిన్స్ లేకుండా ఈదాలి. 11 నిమిషాలు దాటితే అయిదుకు రెండు మార్కులే. బీచ్ రోడ్డులో ఆక్వా స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది కదా, స్టాప్‌వాచ్ పట్టుకుని ఈ వారమే చూడమనండి. సముద్రంలో ఈత వచ్చిన కుర్రాళ్ళు చాలామంది తల పైకెత్తి ఈదుతారు. 200 మీటర్లకే అలిసిపోవడానికి కారణం అదే.

అసలు ఇబ్బంది కోర్సులతో కాదు, డైవ్‌ల సంఖ్యతో వస్తుంది. విశాఖలో రుషికొండ, మంగమారిపేట రాళ్ళు, అటు చింతపల్లి దగ్గర మునిగిన ఓడ ఉన్నాయి. కానీ జూన్ నుంచి సెప్టెంబరు వరకు కెరటాలు జోరుగా ఉంటాయి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలు, బురద నీరు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. నీళ్ళు కాస్త తేటపడి సముద్రం నెమ్మదించేది ఎక్కువగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అందుకే ‘మూడు నెలల్లో డైవ్‌మాస్టర్’ అన్న ప్యాకేజీ జూలైలో మొదలైతే లాగ్ బుక్కు నిండే దారి ఒక్కటే: అబద్ధపు ఎంట్రీలు. గల్ఫ్‌లో మొదటి రోజు పడవ మీదే ఆ అబద్ధం బయటపడుతుంది.

ఎందుకంటే అక్కడి నీళ్ళు వేరు. దుబాయ్, అబుదాబి ఉన్న లోపలి గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లే. చలికాలంలో నీరు 20 డిగ్రీల దిగువకు పడుతుంది, వేసవిలో 33 దాటుతుంది. షమాల్ అనే వాయవ్య గాలి వీచిందంటే అడుగు మన్ను లేచి కొన్ని రోజుల పాటు ఏమీ కనపడదు. ఫుజైరా, ఖోర్ ఫక్కాన్ ఉన్నది తూర్పు తీరం, అంటే ఒమన్ గల్ఫ్. డైవింగ్ పని ఎక్కువగా ఇక్కడే. దిబ్బా రాక్, స్నూపీ ఐలాండ్ లాంటివి తక్కువ లోతు, కొత్తవాళ్ళకు సరిపోతాయి. మార్టిని రాక్ ఇరవై మీటర్ల దాకా దిగుతుంది. 2001లో కావాలని ముంచిన ఇంచ్‌కేప్-1 ఓడ సుమారు 30 మీటర్ల అడుగున ఉంది. ఇంకా ఉత్తరాన ముసందం, లీమా రాక్, ఆక్టోపస్ రాక్. అది ఒమన్ భూభాగం కాబట్టి అనుమతులు వేరు. లీమా కొసల దగ్గర పోటు మారేటప్పుడు నీరు మనిషిని రాయి మీద నుంచి బయటికి, ఒక్కోసారి కిందికి లాగేస్తుంది. వేసవిలో పైన 30 డిగ్రీలున్న నీరు కొన్ని మీటర్లు దిగగానే ఒక్కసారిగా చల్లబడుతుంది. పల్చటి సూట్ వేసుకున్న టూరిస్టు వణుకుతూ గాలి రెట్టింపు వాడేస్తాడు. 2008–09లో ఎర్రనాచు (రెడ్ టైడ్) నెలల తరబడి కమ్మేసి చేపలు, పగడాలు చచ్చిపోయాయి. అంతకు ముందు 2007 జూన్‌లో గోను తుఫాను పగడాలను పగలగొట్టింది. అంటే అక్కడా పని ఏడాది పొడవునా ఒకేలా ఉండదు.

మీవాడి చేత ఒక లెక్క చేయించండి, చేయగలిగితే సగం భయం నాకు తగ్గుతుంది. 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్, అందులో గాలి పీడనం 200 బార్. 50 బార్ మిగుల్చుకోవాలి కాబట్టి వాడేది 1,650 లీటర్లు. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి ఇంచ్‌కేప్ దగ్గర 30 మీటర్లలో, పీడనం నాలుగింతలు కాబట్టి, 80 పీలుస్తాడు. అంటే 20 నిమిషాలు. పాడీ పట్టిక ప్రకారం ఆ లోతు నుంచి దారిలో తప్పనిసరి విరామాలు లేకుండా పైకి రాగల గడువు కూడా 20 నిమిషాలే. దిగేందుకు, ఎక్కేందుకు పట్టే గాలి ఇందులో లేదు. గ్రూపులో భయపడి గబగబా పీల్చేవాడు ఒక్కడుంటే ఆ డైవ్ పన్నెండో నిమిషంలోనే ముగించాలి. ఆ మాట ముందుగా చెప్పగలిగే గైడ్‌కే జీతం ఇస్తారు.

మునగడానికి నడుముకు కట్టుకునే సీసం బరువుల సంగతి ఇంకా సూక్ష్మం. నీటిలో ఉప్పు ఎక్కువైతే మనిషి ఎక్కువ తేలతాడు. అక్టోబరులో నదుల నీరు కలిసి మన తీరంలో పైనీటి ఉప్పదనం లీటరుకు 30 గ్రాముల లోపుకి దిగుతుంది. ఒమన్ గల్ఫ్‌లో అది 37 దాకా, లోపలి గల్ఫ్‌లో 40 చుట్టూ ఉంటుంది. సామానుతో 90 కిలోలున్న మనిషికి ఈ తేడాకే అర కిలో నుంచి కిలో వరకు సీసం అదనంగా కావాలి. పైగా 200 నుంచి 50 బార్‌కు వచ్చేసరికి సిలిండర్ రెండు కిలోలు తేలికవుతుంది. ఇక్కడి అలవాటుతో బెల్టు కట్టుకున్నవాడు మొదట్లో బాగానే మునుగుతాడు, చివర్లో 5 మీటర్ల దగ్గర జాగ్రత్త కోసం మూడు నిమిషాలు ఆగాల్సిన చోట బెండులా పైకి లేచిపోతాడు. రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టే ప్రమాదం అక్కడే పెరుగుతుంది. బరువు సరిచూడాల్సింది సిలిండర్ దాదాపు ఖాళీ అయ్యాక.

మిగతా రోజంతా కూలి పనే. నిండు సిలిండర్ ఒక్కొక్కటి సుమారు 17 కిలోలు, 40 డిగ్రీల ఎండలో పడవెక్కించాలి, దించాలి, కంప్రెసర్ దగ్గర నింపాలి, సూట్లు కడగాలి. శని, ఆదివారాలు సెలవు ఉండదు. ఇంగ్లీషు ధారాళంగా రావాలి. రష్యనో జర్మనో కొంచెం వస్తే ఇంకా మేలు.

ఇక వీసా. మీవాడు పదో తరగతి పాసయ్యాడు కాబట్టి పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశాల్లో పనికి వెళ్ళేందుకు ప్రభుత్వ అనుమతి) అక్కర్లేదు. సౌకర్యమే గానీ, ఆ కాగితాలను ప్రభుత్వం ఒకసారి చూసే అవకాశం కూడా పోయినట్టే, కాబట్టి మీరే చూసుకోవాలి. విదేశీ ఉద్యోగానికి పంపే ఏజెంటుకు కేంద్రం ఇచ్చిన లైసెన్సు నంబరు ఉండాలి, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడొచ్చు. సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. యూఏఈ చట్టం ప్రకారం నియామక ఖర్చు యజమానిదే, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకునే హక్కు కూడా యజమానికి లేదు. ‘ముందు విజిట్ వీసా మీద వెళ్ళు, తర్వాత మారుస్తాం’ అంటే ఒప్పుకోకండి, దాని మీద పనిచేయడం నేరం.

డిగ్రీ మాత్రం ఆపనివ్వొద్దు. సబ్జెక్టు జువాలజీ అయితే ఆంధ్రా విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్రం వైపు పీజీ చేస్తూ, జనవరి–ఏప్రిల్ సీజన్లు రెండింటిలో రెస్క్యూ దాకా పూర్తిచేయొచ్చు. పగడాలు, చేపలు గుర్తుపట్టి చెప్పగల గైడ్‌ను సెంటర్లు వెతుక్కుంటాయి. మోకాలో చెవో మొరాయించిన రోజున చేతిలో ఇంకో ఉద్యోగానికి దారీ ఉంటుంది.

కన్సల్టెన్సీ వాళ్ళను మూడు కాగితాలు అడగండి: లైసెన్సు కాపీ, ఫుజైరా డైవ్ సెంటర్ పేరుతో యూఏఈ కార్మిక శాఖ ఆఫర్ లెటర్, కోర్సు ఫీజు విడిగా రాసిన రశీదు. మూడూ ఇచ్చేదాకా అడ్వాన్సు ఆపండి. ఈలోపు ఈఎన్‌టీ డాక్టరు మాట, 400 మీటర్ల టైము రెండూ మీ చేతికి వస్తాయి.