పాఠకుల ప్రశ్నలు: ఈ-స్పోర్ట్స్ ఆటేనా? కూడు పెట్టేదేనా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ రెండో సంవత్సరం. పొద్దస్తమానం ఫోన్‌లో బీజీఎంఐ అనే తుపాకుల గేమ్ ఆడతాడు. "ప్రభుత్వమే దీన్ని క్రీడగా ఒప్పుకుంది, ఒక్క ఏడాది కాలేజీ మానేసి ఆట మీదే ఉంటే క్లబ్బులు తీసుకుంటాయి" అంటున్నాడు. వాడు చెప్పేది నిజమా? నమ్మి వదిలేయమంటారా?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మొదటి మాట నిజమేనమ్మా. 2022 డిసెంబరు చివర్లో కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను (పోటీగా ఆడే వీడియో గేమ్‌లను) గుర్తించి క్రీడల శాఖ కిందికి తెచ్చింది. అంతకుముందే, 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీగా (పతకాల లెక్కలోకి రాకుండా) పెట్టినప్పుడు మన తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్ అనే గేమ్‌లో కాంస్యం తెచ్చాడు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఏకంగా ఏడు గేమ్‌లకు పతకాలిచ్చారు. అక్కడ లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే గేమ్‌లో స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా కుర్రాళ్లకు తప్పనిసరి సైనిక సేవ నుంచి మినహాయింపు దొరికింది. ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చిన ఏ క్రీడాకారుడికైనా ఆ దేశం ఇచ్చేది అదే. మీ వరంగల్ బిడ్డ అర్జున్ ఎరిగైసి 2025లో రియాద్ ఈ-స్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో చదరంగం ఆడి నాలుగో స్థానంలో నిలిచాడు. అదీ తెర ముందు మౌస్ పట్టుకుని ఆడిన ఆటే. చెమట పట్టదు కాబట్టి క్రీడ కాదనే వాదన చదరంగం దగ్గరే తేలిపోయింది.

రెండో మాటే నిలవదు. కబడ్డీ కూడా క్రీడే, అయినా ఊళ్లో కూతపెట్టే ప్రతివాడికీ జీతం రాదు కదా. బీజీఎంఐలో ఒక మ్యాచ్‌కు 16 జట్లు, జట్టుకు నలుగురు. చివరిదాకా బతికి ఉన్న జట్టుదే గెలుపు. దేశమంతా జల్లెడ పడితే జాతీయ ఫైనల్స్‌లో మిగిలేది ఆ 64 మందీ, కొందరు సబ్‌స్టిట్యూట్లూ. క్లబ్బులు నెలజీతానికి తీసుకునేది వాళ్లనీ, ఆ గీతకు దగ్గర్లో ఉన్నవాళ్లనీ.

ఇంకో సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. క్రికెట్‌కు యజమాని లేడు, ఈ గేమ్‌కు ఉన్నాడు, అది ఒక కంపెనీ సొత్తు. ఆ యాప్ ఆగితే ఆటే ఆగిపోతుంది. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించింది. 2021 జులైలో అదే బీజీఎంఐగా వచ్చింది. 2022 జులైలో యాప్ స్టోర్ల నుంచి మాయమై, మళ్లీ 2023 మేలో గానీ రాలేదు. ఆటగాళ్ల తప్పేమీ లేకుండానే పది నెలలు మైదానం మూసేశారు. చేతిలో డిగ్రీ లేనివాడికి ఆ పది నెలలు ఎలా గడుస్తాయో మీ అబ్బాయితో కూర్చుని మాట్లాడండి.

కాలేజీ మాత్రం మాన్పించొద్దు. హాజరు 75 శాతానికి తగ్గకూడదనే షరతు మీద మూడు నెలలు సమయమివ్వండి. ఈ మూడు నెలలూ ఒక నోటుపుస్తకంలో ప్రతి స్క్రిమ్ (జట్లు కలిసి ఆడుకునే ప్రాక్టీసు మ్యాచ్) వివరాలు రాయమనండి: ఎన్నో స్థానం, ఎన్ని కిల్స్ (ఎదుటి ఆటగాళ్లను పడగొట్టడం), ఆటలో ఎక్కడ చనిపోయాడు, ఎందుకు. పెద్ద టోర్నీల్లో మొదటి స్థానానికి 10 పాయింట్లు, ఆ తర్వాత వరసగా 6, 5, 4, 3, 2, 1, 1. తొమ్మిదో స్థానం నుంచి సున్నా. కిల్‌కు ఒక పాయింటు. ఈ లెక్క తెలిస్తే పిల్లవాడు చూపించే వీడియోలకు మీరు మోసపోరు. ఒక జట్టు ఒక మ్యాచ్‌లో 8 కిల్స్‌తో గెలిచి, మిగతా ఐదింటిలో ఒక్కో కిల్‌తో పద్నాలుగో స్థానంలో వెనుదిరిగిందనుకోండి. ఆరు మ్యాచ్‌లకు 18, 5 కలిపి 23 పాయింట్లు. ఇంకో జట్టు ఒక్కటీ గెలవలేదు, ఆరుసార్లూ 4 కిల్స్‌తో నాలుగో స్థానం. దానికి 48. మొదటి జట్టు కుర్రాడి దగ్గర స్నేహితులకు చూపించుకునే 'చికెన్ డిన్నర్' (మ్యాచ్ గెలుపు) క్లిప్ ఉంటుంది, రెండో జట్టు పై రౌండుకు వెళ్తుంది. కాబట్టి క్లిప్ వద్దు, సగటు చూపించమనండి. మూడు నెలలు దాటినా అదే నలుగురు కలిసి ఆడుతూ, టోర్నీ క్వాలిఫయర్స్‌లో కనీసం రెండు రౌండ్లు దాటకపోతే, అది సరదా వ్యాపకంగానే ఉండనివ్వండి.

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. ఒక క్లబ్ నెలకు 20 వేలు ఇస్తామని నాలుగు పేజీల ఒప్పందం పంపింది. సంతకం పెట్టేముందు ఏం చూడాలి?
– విజయవాడ

జవాబు: జీతం అంకె ఒక్కటీ చూసి మురిసిపోకండి. బెంచి మీద కూర్చోబెడితే జీతం పూర్తిగా ఇస్తారా, సగమా? గేమ్ ఆగిపోతే ఒప్పందం ఏమవుతుంది? ఈ రెండూ కాగితం మీద లేకపోతే రాయించండి. తర్వాత 'బైఅవుట్' చూడండి. వేరే క్లబ్ పిలిస్తే ఆ క్లబ్ కట్టాల్సిన విడుదల సొమ్ము అది. 20 వేల జీతగాడికి 15 లక్షల బైఅవుట్ రాస్తే, ఏ క్లబ్బూ మిమ్మల్ని కొనదు. గడువు దాటాక దానంతటదే పొడిగించుకునే షరతు ఉంటే కొట్టేయించండి. మీ గేమ్ ఐడీ, యూట్యూబ్ చానల్ మీ పేరు మీదే ఉండాలి. నెలకు ఇన్ని గంటలు లైవ్ పెట్టాలనే షరతు ఉంటే ప్రాక్టీసు గంటలతో కలిపి లెక్కేసుకోండి.

ప్రైజ్ మనీ లెక్క విడిగా తెలుసుకోవాలి. జట్టుకు 10 లక్షలు వచ్చాయనుకుందాం. చాలాసార్లు నిర్వాహకులు 30 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకునే ఇస్తారు, మిగిలేది 7 లక్షలు. క్లబ్ వాటా 20 శాతమైతే 5 లక్షల 60 వేలు. నలుగురు ఆటగాళ్లు, ఒక సబ్‌స్టిట్యూట్, ఒక కోచ్ సమానంగా పంచుకుంటే మనిషికి 93 వేల చిల్లర. క్లబ్ తన వాటా టీడీఎస్‌కు ముందున్న మొత్తం మీద తీసుకుంటే అది 83 వేలకు పడిపోతుంది. ఏ మొత్తం మీదో, డబ్బు వచ్చాక ఎన్ని రోజుల్లో మీ ఖాతాలో వేస్తారో రాతపూర్వకంగా అడగండి. టీడీఎస్ మీ పాన్ మీద పడిందో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకోవాలి. క్లబ్ పాన్ మీద పడితే మీకు దక్కదు. మీ జట్టులో 18 నిండనివాళ్లుంటే వాళ్ల సంతకానికి చట్టంలో విలువ లేదు, తల్లిదండ్రులే పెట్టాలి.

ప్రశ్న: ఆన్‌లైన్ రమ్మీ, ఫాంటసీ క్రికెట్ కూడా ఈ-స్పోర్ట్సేనా?
– గుంటూరు

జవాబు: కాదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో పందెపు ఆన్‌లైన్ రమ్మీని చట్టం తెచ్చి ఆపాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వాటి నుంచి విడదీసింది. పోటీ నిర్వహణ ఖర్చుకు రుసుము తీసుకోవచ్చు, ఆటతీరును బట్టి బహుమతి ఇవ్వొచ్చు. పందెం మాత్రం కూడదు. తలా 50 రూపాయలు వేసి గెలిచినవాడు ఊడ్చుకుపోయే 'పెయిడ్ రూమ్' పిలుపులు వాట్సాప్‌లో వస్తుంటాయి. గేమ్ ఏదైనా అది పందెమే, పిల్లల్ని దూరంగా ఉంచండి.

ప్రశ్న: నాకు 17. నాలుగు వేళ్లతో 'క్లా' పట్టు పట్టి ఆడతాను. నెల రోజులుగా బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి. ఆడటం ఆపాలా?
– ఒక అమ్మాయి, తిరుపతి

జవాబు: ముందు ఒక పరీక్ష చేసుకోమ్మా. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించి, మణికట్టును మెల్లగా చిటికెన వేలి వైపు వంచు. బొటనవేలి వైపు జివ్వుమని లాగితే, ఆ వేలిని కదిపే స్నాయువు తొడుగు వాచి ఉండొచ్చు. డీ క్వెర్వేన్స్ అంటారు. రెండు వారాలు ఆట పూర్తిగా ఆపి ఎముకల డాక్టరుకు చూపించు. బొటనవేలితో సహా కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ ఇస్తారు. నొప్పి కాక బొటన, చూపుడు, మధ్య వేళ్లకు తిమ్మిరెక్కితే అది వేరు, మణికట్టులో నరం నలుగుతోందని అర్థం. అప్పుడు ఆలస్యం చేయొద్దు.

మళ్లీ మొదలుపెట్టాక ఛార్జింగ్ పెట్టి ఆడొద్దు. ఫోన్ వేడెక్కితే ప్రాసెసర్ తనే వేగం తగ్గించుకుంటుంది, బొమ్మ తడబడుతుంది, తెలియకుండానే వేలు ఇంకా గట్టిగా నొక్కుతుంది. నొప్పి తిరగబెట్టేది ఇలాగే. మోచేతులు బల్ల మీద ఆనించు. ఒక్కో మ్యాచ్ దాదాపు అరగంట సాగుతుంది కాబట్టి మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య అయిదు నిమిషాలు చేతిలో ఫోనే ఉండకూడదు, ఇన్‌స్టా కోసమైనా సరే. చైనాలో లీగ్ ఆఫ్ లెజెండ్స్ తారగా వెలిగిన ఊజీ 2020లో 23 ఏళ్లకే అనారోగ్యంతో ఆట మానుకోవాల్సి వచ్చింది. నీకింకా 17, ఈ రెండు వారాలు పోయినా నీ చోటు ఎవరూ ఎత్తుకుపోరు.