భాండాగారమా, సూచియా?

సందేహం: పరిశోధన వ్యాసాలు వెదికే డేటాబేస్‌లను నా సిద్ధాంత గ్రంథంలో 'దత్తాంశనిధి' అన్నాను. పర్యవేక్షకులు కొట్టివేసి, అన్నిచోట్లా 'సమాచార భాండాగారం' అని దిద్దారు. ఏది సాధువు? – ఒక పరిశోధక విద్యార్థిని, హైదరాబాదు

సమాధానం: దత్తాంశం గణిత పాఠ్యపుస్తకాల మాట, లెక్కలో ముందే ఇచ్చిన సంగతి. వ్యాసాలకు అతకదు. భాండాగారం అలా కాదు. భాండం, ఆగారం కలిసి సరకు దాచే ఇల్లు అయింది. ప్రాకృతంలో భండారమై, తెలుగులో బండారమై స్థిరపడింది. దాచుకున్నది వెల్లడైతే 'బండారం బయటపడింది' అనడం అందుకే. దాన్ని కాచేవాడు బండారి. దీనికి నేను ఎప్పుడూ చూపే సాక్ష్యం నాగాయి శాసనం. ఒకప్పటి నిజాం రాజ్యంలోని ఆ ఊరు నేడు కలబురగి జిల్లాలో ఉంది. 1058 నాటి ఆ కన్నడ శాసనంలో అక్కడి ఘటికాస్థానపు (ఆనాటి విద్యాపీఠపు) ఆరుగురు 'సరస్వతీ భండారిగ'ల ప్రస్తావన ఉంది. గ్రంథాలను కాపాడేవారిని సరస్వతి కోశాధికారులన్నారు! ఎంత గౌరవమో చూడండి.

అంతటి మాటను ఎడాపెడా వాడితే ఎలా? బండారమన్నాక సరకు ఉండాలి. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ అనే డేటాబేస్‌లలో వ్యాసం ఉండదు. దాని పేరు, సంగ్రహం, ఎవరు ఎవరిని ఉదాహరించారన్న లెక్క ఉంటాయి. అవి సూచులు. వైద్యులు వెదికే పబ్‌మెడ్ కూడా సూచే. జేస్టోర్ అసలైన భాండాగారం, వ్యాసం మొత్తం చదవవచ్చు. అయితే చాలా పత్రికల ఇటీవలి మూడు నుంచి అయిదేళ్ల సంచికలు అందులో ఉండవు. శోధగంగలో ఉన్నవి సిద్ధాంత గ్రంథాలు, పత్రికా వ్యాసాలు కావు. మీది సాహిత్యమైతే జేస్టోర్‌తో మొదలుపెట్టండి. ఒక వ్యాసాన్ని తరవాతివారు ఎవరు చర్చించారో తెలియాలంటే స్కోపస్ చూడండి. పాత తెలుగు పత్రికల కోసం మాత్రం సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మెట్లెక్కవలసిందే. ఇవేవీ తెలుసుకోకుండా 'ఆధారం: అంతర్జాలం' అని రాస్తున్నారు ఈనాటి పరిశోధకులు. బజారులో విన్నామని రాస్తే ఒప్పుకుంటామా?

కాబట్టి పూర్తి పాఠం దొరికేచోట భాండాగారం, జాడ మాత్రమే దొరికేచోట సూచి అనండి. రెంటికీ కలిపి ఒకే మాట కావాలంటే డేటాబేస్ అనే ఉంచినా తప్పులేదు. 'సమాచార' విశేషణం నాకు రుచించదు, అది వార్తల వాసన వేస్తుంది. మీ పర్యవేక్షకులు పట్టుబడితే వాడుక వారి పక్షానే ఉంది, దోషమని కొట్టివేయలేను.